పంచుకోవడానికి వీలుపడని సంఖ్య

మన హాస్టల్ సంచికలో కథలు, కవితలు, జ్ఞాపకాలు ఎప్పుడూ ఉంటాయి. లెక్కల మీద మాత్రం ఎవరూ రాయరు. లెక్కలు అనగానే పదో తరగతి పరీక్ష, ఆ పరీక్షలో వచ్చే మార్కులు, వాటి చుట్టూ ఉన్న భయం గుర్తుకు వస్తాయి. "ట్యూషన్ పెట్టించుకునే స్తోమత ఉన్నవాళ్ళకే లెక్కలు వస్తాయి" అనే మాట మా కాలంలో ఉండేది, ఇప్పుడూ ఉందని తమ్ముళ్ళు చెబుతున్నారు. "ఇవి నేర్చుకుంటే ఏమొస్తుంది సార్?" అనే ప్రశ్న కూడా అలాగే ఉంది. అందుకే పూర్వ విద్యార్థులం కొందరం కలిసి ఈసారి ఒకే ఒక్క సంఖ్య గురించి రాయాలనుకున్నాం. ఆ సంఖ్య ఇది:

2,14,74,83,647

రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. సెకనుకు ఒకటి చొప్పున రాత్రింబవళ్ళు ఆగకుండా లెక్కపెడితే ఈ సంఖ్యకు చేరడానికి 68 సంవత్సరాలు పడుతుంది. ఇంత పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య అని కంప్యూటరు, కాలిక్యులేటరు లేని రోజుల్లో ఒక మనిషి నిరూపించాడు. ఎలా నిరూపించాడో, దానివల్ల ఏమొచ్చిందో చూద్దాం.

ప్రధాన సంఖ్య అంటే

మెస్‌లో 24 ఇడ్లీలు ఉన్నాయనుకోండి. ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఆరుగురికి, ఎనిమిది మందికి, పన్నెండు మందికి సమానంగా పంచవచ్చు. 23 ఇడ్లీలే ఉంటే ఎంతమందికి పంచినా తగవే. ఒక్కడే మొత్తం తినాలి, లేదా 23 మంది తలా ఒకటి తినాలి. 1తోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగింపబడని సంఖ్యే ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23... ఇలా వాటి వరుసకు అంతం లేదు. ఈ సంగతిని యూక్లిడ్ రెండు వేల ఏళ్ళకు పూర్వమే నిరూపించాడు.

చదరంగం గళ్ళలో మన సంఖ్య

చదరంగం పలకపై మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ పోయే కథ మీరు వినే ఉంటారు. 64 గళ్ళ మొత్తం గింజల సంఖ్యను ఒక తెలుగు పద్యం అంకెలకు బదులు మాటలు వాడి చెబుతుంది. అది పావులూరి మల్లన పద్యమని పెద్దలు అంటారు. ఆ మొత్తం ఇరవై అంకెల సంఖ్య.

మనం 64 గళ్ళదాకా వెళ్ళవద్దు. మొదటి రెండు గళ్ళలో మొత్తం 3 గింజలు, మూడు గళ్ళలో 7, నాలుగింటిలో 15, ఐదింటిలో 31. గమనించండి, ప్రతిసారీ మొత్తం తర్వాతి గడిలోని గింజలకంటే ఒకటి తక్కువ. అంటే ఐదు గళ్ళ మొత్తం 2⁵ − 1. ఇదే దారిలో 31 గళ్ళ వరకు గింజలు కూడితే వచ్చేది 2³¹ − 1. అదే మన 2,14,74,83,647. ఆ గింజలన్నీ రాశిగా పోస్తే ఎవరూ సమానంగా పంచుకోలేరు.

మరి ఏ గడి దగ్గర ఆగినా ప్రధాన సంఖ్యే వస్తుందా? రాదు. నాలుగు గళ్ళకు 15 వచ్చింది, అది 3 × 5. ఆరు గళ్ళకు 63, అది 7 × 9. తొమ్మిది గళ్ళకు 511, అది 7 × 73. గళ్ళ సంఖ్య సంయుక్త సంఖ్య అయితే మొత్తం కూడా తప్పకుండా సంయుక్త సంఖ్యే అవుతుంది. ఆరు గళ్ళను మూడేసి గళ్ళ రెండు గుంపులుగా చూడండి. మొదటి గుంపులో 7 గింజలు. రెండో గుంపులో ప్రతి గడీ మొదటి గుంపులోని గడికి 8 రెట్లు, అంటే 7 × 8. కాబట్టి మొత్తాన్ని 7 భాగిస్తుంది. ఇదే కారణంతో 64 గళ్ళ మొత్తం కూడా సంయుక్త సంఖ్యే.

గళ్ళ సంఖ్య ప్రధాన సంఖ్య అయితే? 2, 3, 5, 7 గళ్ళకు వచ్చే 3, 7, 31, 127 ప్రధాన సంఖ్యలే. ఇక్కడే చాలామంది తొందరపడ్డారు. 11 గళ్ళకు వచ్చేది 2047. అది 23 × 89. అంటే గళ్ళ సంఖ్య ప్రధానం కావడం అవసరమే గాని, అదొక్కటే చాలదు.

ఈ రకం ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. మారెన్ మెర్సెన్ ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్యాసి. 1644లో ఆయన 257 వరకు ఏయే ఘాతాలకు ప్రధాన సంఖ్యలు వస్తాయో జాబితా ప్రకటించాడు: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257. ఇందులో 67, 257 పొరపాటు. రావలసిన 61, 89, 107 రాలేదు. జాబితాలో తప్పులున్నా సంఖ్యలకు ఆయన పేరే నిలిచింది, ఎందుకంటే ఆ తప్పులను వెతికి సరిదిద్దడానికి గణితజ్ఞులకు మూడు వందల ఏళ్ళ పని దొరికింది.

చూపు లేని మనిషి చేసిన భాగహారం

31వ ఘాతం సంగతి తేల్చినవాడు లియొనార్డ్ ఆయిలర్. స్విట్జర్లాండులోని బాసెల్‌లో 1707లో పుట్టాడు, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1783లో చనిపోయాడు. ఒక కన్ను వయసులో ఉండగానే దెబ్బతింది. 1771 నాటికి రెండో కంటి చూపు కూడా దాదాపు పోయింది. ఆ స్థితిలో ఉండి 1772లో బెర్నౌలీ కుటుంబానికి చెందిన గణితజ్ఞుడికి రాసిన లేఖలో 2³¹ − 1 ప్రధాన సంఖ్య అని తెలియజేశాడు.

ఒక సంఖ్య ప్రధానమో కాదో చూడటానికి బడిలో నేర్పిన పద్ధతి ఏమిటి? దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. మన సంఖ్య వర్గమూలం 46,340 కంటే కొంచెం ఎక్కువ. అంతలోపు ప్రధాన సంఖ్యలు 4,792 ఉన్నాయి. పది అంకెల సంఖ్యను చేత్తో 4,792 సార్లు భాగించాలి! ఆయిలర్ అంత పని పెట్టుకోలేదు. భాగించకముందే ఆలోచించాడు.

మొదటి ఆలోచనకు ఆధారం ఫెర్మా చెప్పిన నియమం. 2 కాక వేరే ఏ ప్రధాన సంఖ్యనైనా తీసుకోండి. 2ను దానికంటే ఒకటి తక్కువ ఘాతానికి హెచ్చించి 1 తీసేస్తే, వచ్చినదాన్ని ఆ ప్రధాన సంఖ్య భాగిస్తుంది. 7ను తీసుకుంటే 2⁶ − 1 = 63 = 7 × 9. 11ను తీసుకుంటే 2¹⁰ − 1 = 1023 = 11 × 93.

ఇప్పుడు 2 ఘాతాలను 23తో భాగిస్తే వచ్చే శేషాలు వరుసగా రాయండి: 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1. పదకొండో మెట్టు దగ్గర 1 వచ్చింది, అక్కడినుంచి మళ్ళీ 2, 4, 8 అంటూ మొదటికి వస్తుంది. చక్రం పొడవు 11. ఫెర్మా నియమం ప్రకారం 22వ మెట్టు దగ్గర కూడా 1 రావాలి. కాబట్టి 22లో 11 సరిగ్గా ఇమడాలి. ఇమిడింది.

మన సంఖ్యను ఏదైనా ప్రధాన సంఖ్య భాగిస్తుందనుకుందాం. అప్పుడు 2³¹ని దానితో భాగిస్తే శేషం 1 వస్తుంది. అంటే శేషాల చక్రం పొడవు 31ని భాగించాలి. 31 ప్రధానం కాబట్టి ఆ పొడవు 1 కావాలి లేదా 31 కావాలి. మొదటి మెట్టులో శేషం 2 గాని 1 కాదు, అందువల్ల పొడవు 31. ఇక ఫెర్మా నియమం ప్రకారం ఆ భాజకం నుంచి 1 తీసేస్తే వచ్చేది 31కి గుణిజం. భాజకం బేసి సంఖ్య కాబట్టి, 1 తీసేస్తే సరి సంఖ్య. అంటే 62కి గుణిజం. దీనితో 62వ గుణిజాలకు 1 కలిపితే వచ్చే సంఖ్యలు తప్ప మిగిలినవన్నీ ఒక్క దెబ్బతో పోయాయి.

రెండో ఆలోచన: ఇలాంటి భాజకం 8వ గుణిజం కంటే ఒకటి ఎక్కువైనా, ఒకటి తక్కువైనా కావాలి. దీని నిరూపణ డిగ్రీ తరగతుల్లో వస్తుంది. 2047 భాజకాలైన 23, 89లను చూడండి. 23 అంటే 24 − 1, 89 అంటే 88 + 1. రెండు షరతులూ కలిపితే మిగిలేవి రెండు వరుసలే. 248వ గుణిజానికి 1 కలిపినవి, లేదా 63 కలిపినవి: 249, 311, 497, 559, 745, 807... ఇలా 46,340 వరకు లెక్కపెడితే 372 సంఖ్యలు. వీటిలోనూ 249, 497 వంటి సంయుక్త సంఖ్యలను వదిలేయవచ్చు. అసలు భాగించవలసిన ప్రధాన సంఖ్యలు వందకు లోపే.

మొదటిది 311. భాగఫలం 69,05,092, శేషం 35. తర్వాతది 1303. భాగఫలం 16,48,107, శేషం 226. ఇలా చివరిదాకా ఏదీ శేషం లేకుండా భాగించలేదు. కాబట్టి 2,14,74,83,647 ప్రధాన సంఖ్య. నాలుగు వేల ఏడు వందల పైచిలుకు భాగహారాల పనిని ఆలోచన ఒక్కటే వందలోపుకు దింపింది. దీనికి కావలసింది కాగితం, పెన్సిలు, ఓపిక. ఆయిలర్‌కు రాసిపెట్టడానికి పక్కన మనుషులు ఉండేవారు, లెక్క నడిచింది మాత్రం ఆయన తలలో.

తన భాగాల మొత్తమే తానైన సంఖ్య

6 భాజకాలలో 6ను వదిలేస్తే మిగిలేవి 1, 2, 3. వాటి మొత్తం 6. అలాగే 28 భాజకాలు 1, 2, 4, 7, 14 కలిపితే 28. వీటిని పరిపూర్ణ సంఖ్యలు అంటారు. 2 ఘాతం నుంచి 1 తీసేస్తే ప్రధాన సంఖ్య వచ్చినప్పుడల్లా, దాన్ని ముందు ఘాతంతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ చూపించాడు. 3 × 2 = 6, 7 × 4 = 28, 31 × 16 = 496, 127 × 64 = 8128. సరి సంఖ్యల్లో పరిపూర్ణమైనవన్నీ ఈ రకంవే అని ఆయిలర్ నిరూపించాడు. బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటైనా ఉందో లేదో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

మన సంఖ్యను 2³⁰తో గుణిస్తే ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య వస్తుంది: 2305843008139952128. మొత్తం 19 అంకెలు.

"దీనివల్ల ఏమొస్తుంది?"

1811లో ఇంగ్లండుకు చెందిన పీటర్ బార్లో సంఖ్యల మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఈ ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య గురించి చెబుతూ, ఇంతకంటే పెద్దదాన్ని ఎవరూ ఎప్పటికీ కనిపెట్టబోరని, ఇవి వింతకే గాని ఉపయోగానికి పనికిరావు గనుక ఎవరూ అంత శ్రమ పడరని అభిప్రాయపడ్డాడు. మన తరగతిలో వినిపించే ప్రశ్న ఒక గొప్ప గణితజ్ఞుడి నోటే వచ్చిందన్నమాట. తర్వాత ఏం జరిగిందో చూడండి.

1876లో ఫ్రాన్సులో ఎడ్వర్డ్ లూకాస్ 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని నిరూపించాడు. దానికి 39 అంకెలు. ఆయన భాగహారాలు చేయలేదు, కొత్త పరీక్ష కనిపెట్టాడు. తర్వాత అమెరికాలో డి.హెచ్. లెహ్మర్ దాన్ని సులభం చేశాడు. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతం కంటే రెండు తక్కువ సార్లు ఇలా చేసినప్పుడు చివరికి సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. ఈ పరీక్ష బేసి ప్రధాన ఘాతాలకు పనిచేస్తుంది. 31కి చేద్దాం, ఘాతం 5 కాబట్టి మూడు మెట్లు. 4 నుంచి 14. 14 వర్గం 196, 2 తీసేస్తే 194, 31తో భాగిస్తే శేషం 8. 8 వర్గం 64, 2 తీసేస్తే 62, శేషం 0. తేలిపోయింది. మన పది అంకెల సంఖ్యకు ఇలాంటి మెట్లు 29 చాలు.

కంప్యూటరులో మన సంఖ్య

బార్లో ఊహించని చోట ఈ సంఖ్య మళ్ళీ కనిపించింది. కంప్యూటరు సంఖ్యలను 0, 1 అనే రెండు అంకెలతోనే రాసుకుంటుంది. చాలా ఏళ్ళు ఒక్కో సంఖ్యకు 32 గళ్ళు కేటాయించడం అలవాటు. ఒక గడి ధన, ఋణ గుర్తుకు పోతే మిగిలేవి 31. అన్నిటిలోనూ 1 ఉంటే వచ్చే అతిపెద్ద సంఖ్య 2³¹ − 1. యూట్యూబ్‌లో 'గంగ్నమ్ స్టైల్' పాట చూసినవారి లెక్క ఈ హద్దు దాటుతోందని, లెక్కపెట్టే పద్ధతిని 64 గళ్ళకు మార్చామని ఆ సంస్థ 2014 డిసెంబరులో ప్రకటించింది.

చాలా కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. 32 గళ్ళే ఉన్న పాత వ్యవస్థల్లో ఆ లెక్క 2038 జనవరి 19 ఉదయం మన కాలమానం ప్రకారం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఈ సంఖ్యకు చేరుతుంది. ఆ మరుసటి సెకనుకు అవి 1901 డిసెంబరుకు వెళ్ళిపోతాయి. అందుకే వాటిని 64 గళ్ళకు మారుస్తూ వస్తున్నారు.

ఈ రెండు చోట్లా అది ప్రధాన సంఖ్య కావడం కాకతాళీయమే. ప్రధాన సంఖ్య కావడమే పనికొచ్చిన చోటు మరొకటి ఉంది. ఆటల్లో, ప్రయోగాల్లో కంప్యూటరు పాచికలు వేసినట్టు అడ్డదిడ్డంగా సంఖ్యలు ఇవ్వాలి. దానికి లెహ్మర్ చెప్పిన ఉపాయం, ఒక సంఖ్యను వరుసగా గుణిస్తూ శేషం తీసుకోవడం. 7తో భాగిస్తూ 3తో గుణిస్తే 1, 3, 2, 6, 4, 5 అంటూ ఆరూ వచ్చాకే మళ్ళీ 1 వస్తుంది. అదే 8తో భాగిస్తే 1, 3, మళ్ళీ 1. రెండు మెట్లకే ఆట అయిపోయింది. 7 ప్రధానం, 8 కాదు, తేడా అక్కడే ఉంది. 1988లో పార్క్, మిల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మన సంఖ్యతో భాగిస్తూ 16,807తో గుణించే పద్ధతిని కనీస ప్రమాణంగా సూచించారు. 1తో మొదలుపెడితే 2,14,74,83,646 సంఖ్యలూ ఒక్కొక్కసారి వచ్చాకే మళ్ళీ 1 వస్తుంది. ఇప్పుడు ఇంతకంటే మంచి పద్ధతులు వచ్చాయి, కానీ సి ప్లస్ ప్లస్ నేర్చుకునే తమ్ముళ్ళకు ఇది ఆ భాష గ్రంథాలయంలోనే కనిపిస్తుంది.

కలపడం తేలిక, విడదీయడం కష్టం

మెర్సెన్ జాబితాలో 67 తప్పు అని చెప్పాం కదా. అది సంయుక్త సంఖ్య అని లూకాస్ చూపినా, భాజకాలు ఏమిటో ఎవరికీ తెలియలేదు. 1903లో అమెరికాలో ఒక గణిత సభలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ లేచి నల్లబల్ల దగ్గరకు వెళ్ళి, ఒక్క మాట మాట్లాడకుండా 2⁶⁷ − 1 విలువ కట్టాడు. పక్కన 193707721ని 761838257287తో గుణించాడు. రెండూ సమానం. సభ చప్పట్లు కొట్టింది. ఆ రెండు సంఖ్యలు దొరకడానికి ఆయనకు మూడేళ్ళ ఆదివారాలు పట్టాయని చెప్పుకుంటారు. గుణించి చూడటానికి మాత్రం ఎవరికైనా ఒక పూట చాలు.

ఈ తేడాయే 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ కనిపెట్టిన ఆర్.ఎస్.ఎ. రహస్య లిపికి పునాది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి లబ్ధాన్ని అందరికీ చెబుతారు. వాటిని విడదీయగలిగినవాడే తాళం తీయగలడు. ఆన్‌లైన్ బ్యాంకు లావాదేవీల రక్షణలో దశాబ్దాలుగా ఈ పద్ధతికి పెద్ద పాత్ర ఉంది. వింతకే గాని పనికిరావన్న సంఖ్యల శాస్త్రం మన అమ్మానాన్నల ఖాతాకు కాపలా కాస్తోంది.

ఇందులో మన దేశం వాటా కూడా ఉంది. ఏ సంఖ్య ప్రధానమో కాదో ఊహలేవీ లేకుండా, కచ్చితంగా, సంఖ్య పెరిగినా పని మరీ పెరిగిపోకుండా తేల్చే పద్ధతి ఉందా అన్నది ఎంతో కాలం తేలని ప్రశ్న. 2002 ఆగస్టులో కాన్పూర్ ఐ.ఐ.టి.లో మనీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఉందని చూపించారు. కయాల్, సక్సేనా అప్పుడే బి.టెక్. పూర్తిచేసిన కుర్రాళ్ళు. ఈ పనికి 2006లో గోడెల్ బహుమతి వచ్చింది.

అతిపెద్ద ప్రధాన సంఖ్య వేట ఇంకా సాగుతోంది. 1996లో మొదలైన 'జింప్స్' అనే ఉద్యమంలో ప్రపంచమంతటా ఔత్సాహికులు తమ కంప్యూటర్లను ఈ పనికి ఇస్తున్నారు. 2024 అక్టోబరులో అమెరికాకు చెందిన ల్యూక్ డ్యురాంట్ 2ను 13,62,79,841వ ఘాతానికి హెచ్చించి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యను కనుగొన్నాడు. దానికి 4,10,24,320 అంకెలు. సెకనుకు ఒక అంకె చొప్పున చదివినా 474 రోజులు దాటుతుంది. అప్పటికి దొరికిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో అది 52వది.

స్టడీ అవర్‌లో చేసి చూడండి

1. 2 ఘాతాలను 89తో భాగించి శేషాలు రాయండి. ఎన్నో మెట్టులో 1 వస్తుంది?
2. 496 భాజకాలన్నీ రాసి, 496ను వదిలి, మిగిలినవి కూడండి.
3. లూకాస్ పరీక్షను 127కి చేయండి. ఐదు మెట్లు. 14, 67, 42, 111 తర్వాత ఏం రావాలి?
4. అదే పరీక్షను 2047కి చేయండి. తొమ్మిది మెట్లయ్యాక 1736 వస్తే మీ లెక్క సరైనదే. సున్నా రాలేదు కాబట్టి 2047 గురించి ఏం చెప్పవచ్చు?
5. 2,14,74,83,647ను 311తో మీరే భాగించి, శేషం 35 వస్తుందో లేదో చూడండి. మేము రాశామని నమ్మవద్దు.

ఈ చివరి మాట ముఖ్యం. చరిత్రలో జరిగింది పెద్దలు చెబితే నమ్మాలి. దూరదేశం సంగతి చూసినవాళ్ళు చెబితే నమ్మాలి. లెక్కలో మాత్రం ఆయిలర్ చెప్పినా నమ్మనక్కరలేదు, మనమే చేసి చూసుకోవచ్చు. 311తో భాగిస్తే రాజుగారి కొడుక్కూ 35 మిగులుతుంది, హాస్టల్ పిల్లవాడికీ 35 మిగులుతుంది. ఏ కులం, ఏ ఊరు, ట్యూషన్ ఉందా లేదా అని ఆ శేషం అడగదు. మెర్సెన్ లాంటివాడు జాబితా రాసినా అందులో తప్పును ఎత్తిచూపే హక్కు లెక్క చేసిన ప్రతివాడికీ ఉంది. లెక్కలు నేర్చుకుంటే ఏమొస్తుందని అడిగే తమ్ముళ్ళకు మేము ఇవ్వగలిగిన జవాబు అదే. ముందు ఆ హక్కు వస్తుంది. ఉద్యోగం, మార్కులు దాని వెనక వస్తాయి.